రెండు గోడల అవతలి రౌటర్: డెస్క్‌టాప్‌లో వైఫై కార్డు బిగించిన డైరీ

మొదలుపెట్టే ముందు

డెస్క్‌టాప్ ఒక గదిలో, రౌటర్ ఇంకో గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. నెట్‌వర్క్ కేబుల్ లాగే వీలుంటే అదే లాగేవాణ్ణి, దానికి సాటి వచ్చేది వైఫైలో ఏదీ లేదు. గోడకు కన్నం వేసే వీలు లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో (పోర్టులో గుచ్చే బుల్లి వైఫై పరికరం) నెట్టుకొచ్చాను. పేజీలు తెరుచుకునేవి, మెయిళ్లు వచ్చేవి. వీడియో కాల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బొమ్మ బిగుసుకుపోవడం, మాట తెగిపోవడం. మీటింగ్ ఉందంటే గంట ముందు నుంచే టెన్షన్. మదర్‌బోర్డు మీద పీసీఐఈ స్లాట్ (అదనపు కార్డులు గుచ్చే గాడి) ఒకటి ఖాళీగా ఉంది కదా, అందులో మంచి కార్డు వేసి ఈ గొడవ వదిలించుకుందామని నిర్ణయించుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న పరిస్థితిని అంకెల్లో రాసి పెట్టుకోవాలి. లేకపోతే చివర్లో "బాగుపడినట్టే ఉంది" అనుకోవడమే తప్ప ఎంత బాగుపడిందో తెలియదు. దీనికి ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ సరిపోదు. అందులో బయటి కనెక్షన్ వేగం, మన వైఫై వేగం కలిసిపోయి, లోపం ఎక్కడుందో తేలదు. వైఫైని మాత్రమే కొలవాలంటే ఐపెర్ఫ్3 అనే చిన్న ప్రోగ్రామ్ బాగుంటుంది. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి అందులో సర్వర్‌గా నడిపాను, డెస్క్‌టాప్‌లో క్లయింట్‌గా నడిపాను. మధ్యలో ఇంటర్నెట్ ప్రమేయం ఉండదు.

డాంగిల్‌తో వచ్చినవి ఇవీ: బ్యాండ్ (వైఫై వాడే రేడియో పరిధి) 2.4 గిగాహెర్ట్జ్, లింక్ వేగం (రౌటర్‌తో కాగితం మీద కుదిరిన వేగం) సెకనుకు 72 మెగాబిట్లు, ఐపెర్ఫ్‌లో అసలు వేగం 20కీ 30కీ మధ్య ఊగిసలాట, సిగ్నల్ మైనస్ 71 డీబీఎం.

డీబీఎం అంటే అందే సిగ్నల్ బలానికి కొలత. ఈ లెక్క ఒకసారి అర్థమైతే మిగతా పనంతా తేలిక. అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. 3 తగ్గితే అందే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మైనస్ 75 దాటితే కష్టాలే. విండోస్‌లో సిగ్నల్ శాతంలో కనిపిస్తుంది. దాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే దాదాపుగా డీబీఎం వస్తుంది. 50 శాతం అంటే మైనస్ 75 అన్నమాట.

డాంగిల్ వాడేవాళ్లు కార్డు కొనే ముందు ఒక పని చేసి చూడాలి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటి కేబుళ్లు పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తాయి. ఈ సంగతి మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. నా డాంగిల్ కూడా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పక్క పోర్టులోనే ఉండేది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి దాన్ని బల్ల మీదికి తెచ్చేసరికి వేగం 40 దాటింది. కొందరికి ఇంతటితోనే పని అయిపోవచ్చు. నాకు 5 గిగాహెర్ట్జ్ కావాలి కాబట్టి ముందుకే వెళ్లాను.

కార్డు ఎంపిక

డెస్క్‌టాప్ వైఫై కార్డు అని అమ్మేవాటిలో చాలావరకు నిజానికి రెండు వస్తువుల జంట. ల్యాప్‌టాపుల్లో ఉండే చిన్న ఎం.2 మాడ్యూల్ ఒకటి, దాన్ని మోసే పీసీఐఈ బోర్డు ఇంకొకటి. పైన హీట్‌సింక్ కప్పి ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు. ఎర్రటి హీట్‌సింక్, నాలుగు కొమ్ముల యాంటెనాలు చూసి మోసపోకుండా లోపల ఏ మాడ్యూల్ ఉందో చూడాలి. పనితనం, డ్రైవర్, ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయన్నది అన్నీ దాన్నిబట్టే.

నేను తీసుకున్నది ఇంటెల్ ఏఎక్స్200 ఉన్న కార్డు. వైఫై 6, రెండు యాంటెనాలు, బ్లూటూత్ కూడా అందులోనే. నా రౌటర్ కూడా వైఫై 6దే. 6 గిగాహెర్ట్జ్ కూడా పలికే రౌటర్ ఉన్నవాళ్లకు ఏఎక్స్210 సరైనది, కాకపోతే విండోస్‌లో ఆ బ్యాండ్ వాడాలంటే విండోస్ 11 ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏఎక్స్201 అనే పేరుతో ఇంకో మాడ్యూల్ ఉంది. చూడ్డానికి అచ్చం ఏఎక్స్200 లాగే ఉంటుంది, విడిగా కూడా అమ్ముతారు. కానీ అందులో వైఫైకి కావలసిన భాగాలు అన్నీ ఉండవు, కొన్ని ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లోనే ఉంటాయి. మదర్‌బోర్డు దానికి తగ్గట్టు తయారైతేనే అది పనిచేస్తుంది. ఏఎండీ కంప్యూటర్లలో పనిచేయదు, మామూలు పీసీఐఈ బోర్డు మీద పెట్టినా పనిచేయదు. పేరు చివర ఆ ఒక్క అంకె చూసుకుని కొనాలి.

స్లాట్ విషయానికొస్తే, కార్డుకి కావలసింది అన్నిటికన్నా పొట్టిదైన ఎక్స్1 స్లాట్. అది ఖాళీ లేకపోతే పొడవాటి ఎక్స్4లోనో, ఎక్స్16లోనో పెట్టినా పనిచేస్తుంది. పాత బోర్డులో వేగం చాలదేమో అనే అనుమానం అక్కర్లేదు. పీసీఐఈ 2.0 ఎక్స్1 స్లాట్ ఒక్కటే సెకనుకు 500 మెగాబైట్లు, అంటే 4 గిగాబిట్లు మోస్తుంది. ఈ కార్డు కాగితం మీద చూపించే గరిష్ఠ వేగమే 2.4 గిగాబిట్లు. అసలు చూసుకోవాల్సింది మదర్‌బోర్డు మాన్యువల్. రెండో ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెడితే కింది స్లాట్ ఆగిపోయే బోర్డులు ఉన్నాయి. ఆ మాట మాన్యువల్లో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం: బిగింపు

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, వెనక పవర్ సప్లై స్విచ్ ఆపి, వైరు పీకేశాను. తర్వాత పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాను, లోపల కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి. కేసుని పక్కకు పడుకోబెట్టి, రంగు లేని ఇనుము మీద చెయ్యి ఆనించి, అప్పుడు కార్డు బయటికి తీశాను. స్టాటిక్ కరెంటు కంటికి కనిపించదు, చేతికి తెలియకపోయినా చిప్‌కి తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డుకి ఆనుకున్న స్లాట్ వదిలేసి కిందిది ఎంచుకున్నాను. పైదాంట్లో పెడితే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకు గాలి అడ్డుతుంది, వైఫై కార్డుకి దాని వేడి తగులుతుంది. ఆ స్లాట్‌కి ఎదురుగా వెనక ఉన్న రేకు స్క్రూ విప్పి తీశాను.

కార్డు పెట్టేటప్పుడు చూడాల్సిన చోట్లు రెండు. ఒకటి, బంగారు రంగు పళ్లు స్లాట్ గాడిలో నిటారుగా కూర్చోవాలి. రెండు, ఇనప పట్టీ కింది కొస కేసుకీ మదర్‌బోర్డుకీ మధ్య సన్నటి సందులోకి దిగాలి. ఆ కొస సందులోకి పోకుండా అంచు మీద ఆనిందంటే కార్డు ఒక పక్కే దిగి రెండో పక్క లేచి ఉంటుంది. తమ్ముడు టార్చి పట్టుకుని వంగి చూస్తూ, "అన్నా, లోపలి వైపు ఇంకా వెంట్రుకవాసి పైకి ఉంది, పళ్లు కనిపిస్తున్నాయి" అన్నాడు. రెండు బొటనవేళ్లూ రెండు కొసల మీద పెట్టి సమానంగా నొక్కితే మెత్తగా దిగి కూర్చుంది. స్క్రూ బిగించాక మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే స్క్రూ బిగింపుకి కార్డు కాస్త ఒరిగే అవకాశం ఉంది.

తర్వాత బ్లూటూత్ కేబుల్. వైఫై పీసీఐఈ మీద నడుస్తుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ మీద నడుస్తుంది. అందుకని కార్డు నుంచి మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి ఒక సన్న కేబుల్ వెళ్లాలి. "వైఫై వచ్చింది, బ్లూటూత్ రాలేదు" అని చాలామంది అడిగేదానికి కారణం ఎక్కువసార్లు ఈ కేబులే. హెడర్‌లో ఒక మూల పిన్ను ఉండదు, కనెక్టర్‌లో ఆ మూల కన్నం మూసి ఉంటుంది, ఆ రెండూ కలిసేలా పెట్టాలి. ఒక్క హెడర్ మాత్రమే ఉన్న బోర్డు అయితే, అది ముందు పోర్టులకు వాడేసి ఉంటే, కార్డు కొనకముందే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

యాంటెనాలు చేతి వేళ్లతో బిగించినంత చాలు, ప్లయర్లు వాడకూడదు. మాడ్యూల్ నుంచి వెనక్కి వెళ్లే వెంట్రుకల్లాంటి రెండు వైర్లను అసలు కదపకపోవడమే మంచిది. వాటి కొసల్లోని చిన్న బటన్ కనెక్టర్లు పదేపదే పీకి పెట్టడానికి చేసినవి కావు.

శనివారం సాయంత్రం: డ్రైవర్

డాంగిల్ తీసేశాను కాబట్టి ఇప్పుడు డెస్క్‌టాప్‌కి నెట్ లేదు, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే కంప్యూటర్‌కి ఫోన్ నెట్ వచ్చేస్తుంది, విడిగా ఏ డ్రైవరూ అడగదు.

డివైస్ మేనేజర్‌లో "నెట్‌వర్క్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో కనిపించింది. అలా కనిపించడం మంచి కబురే, స్లాట్ పనిచేస్తోందనీ కార్డుని బోర్డు గుర్తుపట్టిందనీ అర్థం. ఏమీ కనిపించకపోతే అప్పుడు స్లాట్, బిగింపు, బయోస్ (మదర్‌బోర్డు సొంత) సెట్టింగులు చూసుకోవాలి. దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ తెరిస్తే వెండర్ 8086, డివైస్ 2723 అని ఉంది. 8086 అంటే ఇంటెల్, 2723 అంటే ఏఎక్స్200. డబ్బా మీద ఏం రాసినా లోపల ఉన్నదేమిటో ఈ రెండు అంకెలు చెబుతాయి. కొత్త కార్డు ఎవరు వేసినా ముందు ఇది చూడమంటాను.

డ్రైవర్ని ఇంటెల్ సైట్ నుంచే తీసుకున్నాను. వైఫైకి ఒకటి, బ్లూటూత్‌కి ఒకటి, రెండూ విడివిడి ఫైళ్లు. రెండూ వేసి రీస్టార్ట్ చేశాక పసుపు గుర్తులు పోయాయి.

ఇదే కంప్యూటర్‌లో లినక్స్ కూడా ఉంది. ఏఎక్స్200కి లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) 5.1 నుంచి మద్దతు ఉంది, డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ప్యాకేజీ ఒకటి ఉంటే చాలు. రెండు సిస్టమ్‌లూ ఉన్నవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, కార్డు సగం నిద్రలో ఉండిపోతుంది. ఆ తర్వాత లినక్స్‌లోకి వెళ్తే కార్డు మేలుకోదు. చూసేవాళ్లకు లినక్స్ డ్రైవర్ తప్పులా కనిపిస్తుంది.

ఆదివారం: యాంటెనాలతో రోజంతా

కార్డు పనిచేస్తోంది. యాంటెనాలు కేసు వెనకే నేరుగా బిగించి ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్‌లో సిగ్నల్ మైనస్ 69. లింక్ వేగం 288కీ 432కీ మధ్య మారుతోంది, ఐపెర్ఫ్‌లో 200 మెగాబిట్లు. డాంగిల్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు మెరుగు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అలా ఆపేస్తే కార్డుకి పెట్టిన డబ్బులో సగమే పనికొచ్చినట్టు.

కేసు బల్ల కింద ఉంది, వెనక భాగం గోడ వైపు తిరిగి ఉంది. రౌటర్ ఉన్నది ముందు వైపు. అంటే యాంటెనాలకీ రౌటర్‌కీ మధ్య గోడలే కాదు, ఇనప కేసు మొత్తం అడ్డం. లోహాన్ని రేడియో తరంగాలు దాటలేవు, చుట్టూ తిరిగి ఎక్కడో తగిలి వచ్చినదే యాంటెనాకి అందుతుంది. కార్డు ఎంత మంచిదైనా ఆ మిగిలిందాంతోనే సర్దుకోవాలి.

కార్డుతో పాటు అయస్కాంతం ఉన్న ఒక స్టాండు, దానికి మీటరు పొడవు జంట కేబుల్ వచ్చింది. యాంటెనాలను దానికి మార్చి బల్ల మీద పెట్టాను. ఇంకేమీ మార్చలేదు. మైనస్ 59. బల్ల మీది పుస్తకాల అర పైకి ఎక్కించాను. మైనస్ 57.

ఆ తర్వాత గమనించింది ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన విషయం. అదే అర మీద స్టాండుని బెత్తెడు ఎడమకు జరిపితే సిగ్నల్ 4, 5 డీబీ పడిపోయేది. ఇంకో బెత్తెడు జరిపితే మళ్లీ లేచేది. దూరం మారలేదు, గోడలు మారలేదు. కారణం ఆ ఇనప బీరువా. దాని మీద పడి తిరిగొచ్చే తరంగమూ నేరుగా వచ్చే తరంగమూ కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒక తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లే. అందుకే కొద్దిపాటి జరుగుడుకే అంత తేడా. స్టాండు ఒక చోట పెట్టి, చెయ్యి తీసి, కుర్చీలో కూర్చుని, కాసేపు ఆగి అంకె చూడటం, రాసుకోవడం, మళ్లీ జరపడం. పక్కనే నిలబడి చూస్తే మన ఒళ్లే అడ్డమవుతుంది, ఎందుకంటే ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. అర కుడి కొసకు దగ్గరగా ఒక చోట మైనస్ 54 నిలకడగా వచ్చింది. అక్కడే ఉంచేశాను.

యాంటెనా కొసని రౌటర్ వైపు చూపించి పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. ఈ కడ్డీ యాంటెనాల బలం పక్కలకు ఉంటుంది, కొస వైపు దాదాపు ఉండదు. రెండూ ఒకే అంతస్తులో ఉంటే నిలువుగా పెట్టాలి. రెంటిలో ఒకదాన్ని కొంచెం వాల్చి చూశాను, గోడలకు తగిలి వంగి వచ్చే తరంగాలను అది ఇంకాస్త పట్టుకుంటుంది. లింక్ వేగంలో ఊగిసలాట తగ్గింది.

ఇంకా పొడవు కేబుల్ కొని యాంటెనాలను తలుపు దాకా తీసుకెళ్దామా అనే ఆలోచన వచ్చింది కానీ మానేశాను. ఇంత సన్నటి కేబుల్‌లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ప్రతి మీటరుకూ తరిగిపోతుంది. దగ్గరికి జరిగి సంపాదించింది కేబులే తినేస్తుంది.

సాయంత్రం అంకెలు: సిగ్నల్ మైనస్ 54, లింక్ వేగం 960 నుంచి 1080, ఐపెర్ఫ్‌లో 600 చుట్టూ. ఉదయానికీ సాయంత్రానికీ 15 డీబీ తేడా, అంటే యాంటెనాకి అందే శక్తి 30 రెట్లకు పైగా పెరిగింది. కార్డు అదే, రౌటర్ అదే.

లింక్ వేగం వెయ్యి చూపిస్తుంటే అసలు వేగం 600 ఏమిటని కంగారు పడక్కర్లేదు. వైఫైలో ఒకే చానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. ఎవరూ మాట్లాడట్లేదని చూసుకుని పంపడం, అందిందని అవతలి నుంచి జవాబు రావడం, ఇలా ఆగి ఆగి పంపడంలోనే చాలా సమయం పోతుంది. లింక్ వేగంలో సగం పైన వస్తే బాగున్నట్టే.

మధ్య వారంలో: సెట్టింగులు

కంప్యూటర్ స్లీప్ నుంచి లేచాక అప్పుడప్పుడు వైఫై కలవడానికి చాలాసేపు పడుతోంది. డివైస్ మేనేజర్‌లో కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు తీసేశాను. కొంత మెరుగైంది. మర్నాడు పవర్ ప్లాన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ కూడా ఆఫ్ చేశాను. దాంతో పూర్తిగా పోయింది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే ఏది పనిచేసిందో తెలిసేది కాదు. ల్యాప్‌టాప్‌లో అయితే బ్యాటరీ లెక్క చూసుకోవాలి గానీ డెస్క్‌టాప్‌లో ఈ ఆదా వల్ల ఒరిగేది చాలా తక్కువ.

కార్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ప్రిఫర్డ్ బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంది, ఇది మార్చకపోతే ఒక్కోసారి 2.4కి వెళ్లి అక్కడే కూర్చునేది.

చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ నుంచి 160కి కూడా పెట్టి చూశాను. రౌటర్ చానల్ 36లో ఉంటే 160 వెడల్పు 64 దాకా పాకుతుంది. అందులో 52 నుంచి 64 దాకా రాడార్లతో పంచుకునే చానళ్లు. అక్కడికి వెళ్లే ముందు రౌటర్ కనీసం ఒక నిమిషం రాడార్ లేదని విని నిర్ధారించుకోవాలి, తర్వాత రాడార్ వినిపిస్తే వెంటనే ఖాళీ చేయాలి. పైగా వెడల్పు రెట్టింపైతే కార్డు చెవిన పడే రొద కూడా 3 డీబీ పెరుగుతుంది. రౌటర్ ఉన్న గదిలో అయితే లాభమేమో గానీ రెండు గోడల ఇవతల లింక్ అంకె పెరిగింది, అసలు వేగం మాత్రం నిలకడ తప్పింది. 80 మెగాహెర్ట్జ్‌కే తిరిగొచ్చాను. నాకు కావలసింది పెద్ద అంకె కాదు, కాల్ తెగకపోవడం.

కాల్ సంగతి తేల్చేది వేగం కాదు, పింగ్, అంటే ఒక చిన్న సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం. రౌటర్ చిరునామాకి పింగ్ పెట్టి మీటింగ్ జరుగుతున్నంతసేపూ వదిలేశాను. డాంగిల్ రోజుల్లో 3 మిల్లీసెకన్లు ఉన్నది ఉన్నట్టుండి 200, 300కి ఎగిరేది, మాట తెగింది సరిగ్గా అప్పుడే. ఇప్పుడు 2, 3 దగ్గరే ఉంటోంది. పక్క గదిలో సినిమా నడుస్తున్నా 10 దాటలేదు.

రౌటర్‌లో భద్రత పాత డబ్ల్యూపీఏ2, కొత్త డబ్ల్యూపీఏ3 కలిపి ఉండే పద్ధతికి మార్చాను. డెస్క్‌టాప్ డబ్ల్యూపీఏ3తో కలుస్తోంది, ఇంట్లో పాత పరికరాలు డబ్ల్యూపీఏ2తోనే నడుస్తున్నాయి.

శుక్రవారం: బ్లూటూత్, మిగిలిన పని

బ్లూటూత్ హెడ్‌సెట్ జత చేశాను. బ్లూటూత్ కూడా ఈ యాంటెనాల మీదే ఆధారపడుతుంది. యాంటెనాలు పీకేసి వైఫై వద్దు, బ్లూటూత్ చాలు అనుకునేవాళ్లకు అది అడుగు దూరం కూడా సరిగ్గా పట్టదు. స్టాండు అర మీదికి ఎక్కాక హెడ్‌సెట్ పెట్టుకుని వరండా దాకా నడిచినా మాట తెగట్లేదు. హెడ్‌సెట్ 2.4 వాడుతుంది, వైఫై 5లో ఉంది కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావట్లేదు.

మిగిలింది రౌటర్ వైపు పని. అది ఇప్పుడు నేలకు దగ్గరగా, టీవీ వెనక ఉంది. దాన్ని తలుపు పై ఎత్తుకి చేర్చాలంటే పవర్ కేబుల్ పొడవు చాలడం లేదు. పొడవు కేబుల్ వచ్చాక మళ్లీ ఐపెర్ఫ్ నడిపి అంకెలు రాస్తాను.